నవ్వు గోళీలు

రూప అబద్ధమాడుతున్నదని సుచరితకు మొదటి మాటకే ఎరుకైంది. ఎందుకు ఆడుతున్నదో అదొక్కటే సమజైతలేదు. అత్తకు విషం పెట్టిన కోడలైతే ఇంత కచ్చాగ అబద్ధమాడది, ఇంట్ల అద్దం ముందట నాలుగుసార్లు అనుకోని వస్తది. ఈ పిల్ల అట్ల గాదు. తలకాయ వంచుకోని, కొంగు కొసను వేలికి చుట్టుకుంట విప్పుకుంట, గోళీల డబ్బి మీద ఎట్ల రాసి ఉందో అట్లనే ఇచ్చిన మేడమ్ అంటాంది. అన్న ప్రతిసారి వార్డు తలుపు దిక్కు సూస్తాంది.

దేవరకొండల చిన్న దవాఖాన అది. లోపట మంచం మీద రూప అత్త కౌసల్య పండుకోని ఉన్నది. పండుకోని ఉన్నదనేది ఉత్తమాటే. రెండు చేతులను మెత్తటి బట్టతోని మంచం పట్టీలకు కట్టిన్రు, లేకుంటే లేచి ఉరుకుతాంది. బేస్తారం పొద్దుగాల కౌసల్య తన వాకిట్ల చాప పరిచి, వరుసగ కంచాలు పెట్టి, అన్నం వడ్డించుడు షురూ చేసింది. ఎవరొచ్చిన్రే అని మొగడు జంగయ్య అడిగితే, ఎన్నడో కాలంజేసిన తన తల్లిని, మేనత్తను పేరు పేరున పిలిచి, నిలవడ్డరేంది కూసోండ్రి అన్నదట. పప్పు తెద్దామని మర్లిన మనిషి మర్లినట్టే కింద వడి కాళ్లు చేతులు కొట్టుకున్నది. అప్పటిసంది తెలివి వస్తాంది, పోతాంది. కండ్లు తెరిస్తే గోడల మీద ఎవరినో సూసి బెదురుతాంది. డాక్టరమ్మ సుహాసిని ఫిట్స్ ఆగేతందుకు సూది ఇచ్చిందిగని, అసలు ఎందుకొచ్చినయో అంతుపట్టక ఆమె గూడ పరేషాన్‌ల ఉన్నది.

ఊరంత మాత్రం ఒక్కటే మాట. నవ్వు గోళీలు మింగి గిట్లయింది.

ఆ పేరు ఊరోళ్లు పెట్టింది. డబ్బి మీద 'మనోసిరి' అని ఉంటది. ఆకుల పొడి, విటమిన్లు కలిపి చేసిన గోళీలట, రోజు మింగితే మనసుల భారం దిగిపోతదట. కౌసల్యకు ఏడాది సంది మనసు బాగలేదు. ఇంట్ల కొట్లాట లేదు, చేన్ల పత్తి మంచిగనే ఏరిన్రు, కొడుకు ఎల్లేష్ లారీ మీద ఊర్లు తిరిగినా కోడలు ఆమెను కండ్లల్ల పెట్టుకోని సూసుకుంటాంది. అయినా ఆమె పొద్దంత గోడదిక్కు మర్లి పండేది. బర్రె అరిచినా లేవకపోయేది. ఏమైందే అంటే, ఏం గాలె, నాకే తెలుస్తలేదు అనేది. డాక్టరు కాడికి పోదామంటే, మనసుకు డాక్టరేంది, నలుగురు నవ్వరా అని మొండికేసింది. ఆఖరికి రూప ఫోన్ల సూసి, మహబూబ్‌నగర్ ఏజెంటు తోని ఈ గోళీలు తెప్పించింది.

ముచ్చట ఏందంటే, మొదట అవి పనిచేసినయి. కౌసల్య లేచింది, తల దువ్వుకున్నది, బర్రె పాలు పిండింది. ఒకనాడు జంగయ్య అంగీ తిర్లమర్ల తొడుక్కోని బజారుకు పోయి వచ్చిండని పకపక నవ్వింది గూడ. గా నవ్వు ఇన్నంకనే ఊరోళ్లు గోళీలకు ఆ పేరు పెట్టిన్రు. మంచిగైతాందని అందరు అనుకుంటున్నప్పుడే గిట్లాయె. ఇగ కౌసల్య తమ్ముడు ఊకుంటడా, మా అక్కకు కోడలు విషం పెట్టిందని స్టేషన్ల దరఖాస్తు ఇచ్చిండు.

సుచరితను ఈ కేసుల దించింది జంగయ్య. ఆమె దుకాణం బస్టాండు ఎనక ఉంటది. సగం జాగల పెనిమిటి జిరాక్స్ మిషను, సగం జాగల ఆమె డిటెక్టివ్ టేబుల్. ఎక్కువ పెండ్లి సంబంధాల ఎంక్వైరీలే వస్తయి, పిలగాడు తాగుతడా, పిల్ల ఎవరినన్న ఇష్టపడ్డదా అని. నిన్న శుక్రారం జంగయ్య వచ్చి టేబుల్ ముందట నిలవడితే ఇది గూడ గసొంటిదే అనుకున్నది. కూసోమన్నా కూసోలె పెద్దమనిషి.

"బిడ్డా, నా ఇంట్ల రెండు దీపాలున్నయి," అన్నడు. "ఒకటి దాని తీరుగ అదే ఆరుతాంది. రెండోదాన్ని మా బామ్మర్ది ఊదుతుండు. నా కోడలు గట్ల చేసే పిల్ల గాదు. నిజమేందో నువ్వే దేవులాడి తియ్యి."

ముసలాయన గొంతు వణికితే సుచరిత గుండె కరిగిపోయింది. చేతుల ఉన్న పెండ్లి ఎంక్వైరీలన్ని పక్కకు పెట్టేసింది. కోడలి కోసం కండ్లనీళ్లు పెట్టుకునే మామను ఆమె ఇన్నేండ్ల సర్వీసుల సూడలె మరి.

అందుకే ఇప్పుడు రూప మీద కోపం గూడ వస్తాంది. నిన్ను నమ్మినోళ్లం మీ మామ, నేను ఇద్దరమున్నం, మాకన్న నిజం చెప్పరాదా పిల్లా అని మెల్లగ అడిగి సూసింది, గట్టిగ అడిగి సూసింది. గోళీలు కాకుంట అత్తకు ఇంకేమన్న ఇచ్చినవా? ఇయ్యలె. తిండిల ఏమన్న మారిందా? మారలె. ఆమె అలవాట్లల్ల? ఆ మాటకు రూప కొంగు చుట్టుకునుడు ఆపింది. ఏం మారలే మేడమ్ అన్నది. అని, ఉన్నట్టుండి మొఖం చేతులల్ల దాచుకున్నది.

"పొద్దుగాల అత్తమ్మ నన్ను సూసి, ఎవరు బిడ్డా నువ్వు, ఎవరి పిల్లవు అన్నది," అని ఏడ్చింది. ఆ ఏడుపుల మాత్రం వీసమెత్తు అబద్ధం లేదు.

సుచరిత బయటికొచ్చింది. దవాఖాన ఎదురుంగ చాయ్ హోటల్ల ఎస్సై విజేందర్ కూసోని ఉన్నడు. ఆయన సుచరితకు మేనబావ. చిన్నప్పుడు ఇద్దరికి పెండ్లనుకున్నరు. పోలీసోన్ని చేసుకుంటే కూరల ఉప్పెందుకు తక్కువైందో గూడ వాంగ్మూలం ఇయ్యాలె, నాతోని గాదని సుచరితే ఎగ్గొట్టింది. దానికి ఆయన ఎన్నడు కోపం వెట్టుకోలె. పండుగకు పబ్బానికి ఇంటికొచ్చి బుక్కెడు తిని పోతడు. కని తన కేసుల మరదలు వేలు పెడితే మాత్రం ఆయనకు కారం తాగినట్టైతది.

ఆమెకో చాయ్ చెప్పి, పెండ్లి సంబంధాలు తక్కువైనయా ఏంది ఖూనీ కేసుల మీద పడ్డవు అని గెలికిండు. ఖూనీ ఏడైంది, మనిషి బతికే ఉన్నది కద అని సుచరిత అంటే, గందుకే జల్ది చేస్తున్న అన్నడు. గోళీలు ల్యాబుకు పంపిండు, మాపటికి ఫోన్ వస్తది. మహబూబ్‌నగర్ ఏజెంటును అక్కడి పోలీసులు స్టేషన్ల కూసోపెట్టిన్రు.

"రిపోర్టుల ఏం లేకపోతే రూపను ఇడిసిపెడ్తవా బావా?"

"పెట్ట. ఎందుకంటే పొరుగింటి గుర్వమ్మ చెవులార ఇన్నది. మంగళారం నాడు గా పిల్ల అత్తతోని, గోళీ ఇంక మంచిగ పనిచెయ్యాలంటే ఇట్ల చెయ్యాలె అత్తమ్మా, ఈ ముచ్చట ఎవ్వలకు చెప్పకు అన్నదట. ఏం చెయ్యమన్నదో గుర్వమ్మకు వినవడలె. నేనడిగితే రూప చెప్పలె. నీకు చెప్పిందా?"

చెప్పలేదు. సుచరిత చాయ్ గ్లాసు పక్కకు పెట్టింది.

"నిప్పు లేంది పొగ రాదు మరదలా," అన్నడు విజేందర్.

"దోమలకు పొగ ఏసినా పొగ వస్తది బావా. ఇల్లు తగలవడ్డదని ఫైరింజన్‌ను పిలుస్తమా?"

మీసాలల్ల నవ్విండుగని, లేచేటప్పుడు ఆయన మొఖం పోలీసు మొఖమే అయింది. రిపోర్టుల విషం తేలితే రూప జైలుకు పోతది, తేలకపోతే దాచిన ముచ్చట కోసం స్టేషన్‌కు వస్తది, ఎటైనా మాపటికి జీపు ఎక్కుడైతే ఖాయమని చెప్పి పోయిండు. ఒక్కసారి జీపు ఎక్కినంక గా పిల్ల మళ్ల గా ఇంట్ల తల ఎత్తుకోని తిరుగుతదా అని అడుగుదామనుకున్నది సుచరిత. ఆయనకు తెల్వక గాదు, అందుకే అడగలె.

స్కూటీ తీసి సీదా ఊరికి పోయింది. జంగయ్య ఇంటికి తాళం ఉన్నది. పొరుగింటి గుర్వమ్మ తాళంచెయ్యి తెచ్చి ఇచ్చుకుంట, పెద్దాయన ఇంట్ల ఉండలేక పొద్దుగాల్నే చేను కాడికి పోయిండని, చద్దన్నం పెడితే గూడ తినలేదని చెప్పింది. తను పోలీసోళ్లకు గా మాట చెప్పకపోతే బాగుండునని గూడ చెప్పింది. నోట్లె నువ్వుగింజ నానది నాకు, ఏం జెయ్యాలె అని నెత్తి కొట్టుకున్నది.

సుచరిత అర్రలన్ని సూసింది. గోళీల డబ్బి పోలీసోళ్లు ఎత్తుకపోయిన్రు. వంటింట్ల పప్పులు, పిండ్లు, కారం, అన్ని మూతలు తీసి వాసన సూసింది. పురుగుల మందు ఇంట్ల లేదు, చేను కాడి కొట్టంల పెడ్తరట. కౌసల్య పండే మంచం పక్కన ఒక పీట ఉన్నది, పీట మీద దువ్వెన, కొబ్బరినూనె సీసా. పొద్దున్నే రూప ఆడ కూసోని గోళీ ఇచ్చి, తల దువ్వి, అత్తతోని ముచ్చట పెట్టేదని గుర్వమ్మ చెప్పింది. నవ్వులు తన ఇంటిదాక వినవడేటివట. విషం పెట్టేటోళ్లు తల దువ్వుతరా?

దొడ్డి తలుపు తీసి బయటికొచ్చి, గప్పుడు ఆగింది.

దొడ్లె వంకాయ చెట్లున్నయి. కాయలన్ని చెట్టు మీదనే ముదిరి పసుపు పచ్చగైనయి, కొన్ని పగిలి గింజలు బయటవడ్డయి. పక్కన గోంగూర మడి. ఎవ్వరు తెంపక నడుమెత్తు పెరిగి, పూత పట్టి కాయలు గూడ కాసింది. మన ఇండ్లల్ల వంకాయ చెట్టు మీద పండుతదా? గోంగూర కాయలు కాసేదాక ఏ ఆడిది ఆగుతది? ఇల్లు ఖాళీ వెట్టిపోతే తప్ప అట్ల గాదు. లేకుంటే ఆ ఇంట్ల ఎవరో పథ్యం పడుతున్నరన్నట్టు.

ఇంత ముదిరినయంటే ఇయ్యాల నిన్నటి పథ్యం గాదు. గోళీలు మొదలువెట్టిన కాన్నుంచే అయ్యుంటది. తిండిల ఏం మారలేదని రూప అన్నది కద. ఇదిగో దొరికింది అబద్ధం అనుకున్నది సుచరిత. కని వంకాయ మానితే మనిషికి ఫిట్స్ రావు. గోంగూర మానితే సచ్చిపోయినోళ్లు వచ్చి చాప మీద కూసోరు. మంగళారం నాడు ఇంకేదో మాన్పించి ఉండాలె.

దాని జాడ గోడకు ఆనిచ్చి ఉన్నది. ప్లాస్టిక్ ట్రేల ఖాళీ కల్లు సీసాలు, శుభ్రంగ కడిగి బోర్లించినయి. కల్లు తెచ్చేటోడు రోజు నిండువి ఇచ్చి ఖాళీవి పట్కపోతడు, ఏ ఇంట్లనైనా అవి తెల్లారి ఉండయి. ఇవి మాత్రం మట్టి కొట్టుకోని ఉన్నయి. సుచరిత గుర్వమ్మను పిలిచి కల్లు పోసే మనిషి ఎవరని అడిగింది. బక్కయ్య అని, ఈ యాల్లకు వాడకట్టుకే వస్తడని చెప్పింది ఆమె.

మోపెడ్ మీద సీసాలు గల్లుగల్లుమనుకుంట బక్కయ్య వచ్చిండు. సుచరిత అడ్డం నిలవడి అడిగితే, దాచుడేముంది, గా ఇంటోళ్లు పాత గిరాకి, గీ వారం బంద్ వెట్టిన్రు అన్నడు. కౌసల్యక్క ఎన్నేండ్ల సంది తాగుతదంటే, పెండ్లై వచ్చిన కాన్నుంచి, చేను పని చేసి మాపటికి ఓ సీసా తాగకుంటే నిద్రెట్ల పడ్తది అని ఉల్టా అడిగిండు. గీ ఊర్ల తాళ్లెన్ని ఉన్నయి, ఈదులెన్ని ఉన్నయి, కల్లు దుకాణంల ఏడాది పొడుగునా ఇన్ని సీసాలు ఎక్కడికెళ్లి వస్తున్నయి అని సుచరిత అడిగింది. ఆ మాటకు బక్కయ్య నేల సూపులు సూసిండు. దుకాణపోళ్లు తొట్లె ఏం కలుపుతరో నాకేమెరుక అమ్మా, నేను ఉత్త మోసేటోన్ని అని గొణిగిండు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునుడంటే గిదే.

సుచరితకు కరోనా లాక్‌డౌన్ యాదికొచ్చింది. కల్లు దుకాణాలు మూతవడ్డ ఆ దినాలల్ల ఆమె గల్లీల ఒక ముసలాయన కరెంటు స్తంభాన్ని తమ్మీ అని పిలిచి, అన్నం తిన్నవా అని అడిగిండు. చెట్టు కల్లు కొంచెం, నిద్రగోళీల పొడి ఎక్కువ కలిపి అమ్ముతున్నరని, రోజు తాగే మనిషి ఒక్కపారి ఆపితే ఒళ్లు వణికి, లేనిది కండ్ల ముందట కనవడ్డట్టై, ఫిట్స్ వస్తయని అప్పుడు డాక్టర్లు చెప్పిన్రు. అందరం విన్నం, దుకాణాలు తెరవంగనే మర్శిపోయినం.

అక్కడ్నించే డాక్టర్ సుహాసినికి ఫోన్ చేసింది. నాకు మొదటిరోజే ఆ అనుమానం వచ్చిందండీ, తాగుడు అలవాటు ఉందా అని ఇంటోళ్లను రెండుసార్లు అడిగితే లేనే లేదని ఒట్టేసిన్రు అన్నది డాక్టరమ్మ.

"వాళ్లు అబద్ధం చెప్పలే డాక్టరమ్మా. మా దిక్కు కల్లును తాగుడు కింద ఎవరు లెక్కవెట్టరు. మజ్జిగ లెక్క అది. కల్లు ఆపి నాలుగు దినాలాయె, సూడుండ్రి."

ఫోన్ చేతుల పట్టుకోనే డాక్టరమ్మ వార్డు దిక్కు ఉరుకుతున్న చెప్పుల చప్పుడు వినవడ్డది.

సుచరిత తిరిగి దవాఖానకు వచ్చేసరికి కౌసల్య చేతుల కట్లు ఇప్పేసిన్రు. సరైన సూది పడంగనే వణుకు తగ్గి, ఓ కునుకు తీసి లేచిందట. దిండ్లకు ఆనుకోని కూసోని, మొఖం అలసిపోయి ఉన్నా సూపు సూపు లెక్క ఉన్నది. పక్కన రూప అత్త చెయ్యి పట్టుకోని, ఇడిస్తే మళ్ల యాడికి పోతదో అన్నట్టు కూసున్నది.

తలుపు దగ్గరికి వేసి సుచరిత ముందట కూసున్నది. వంకాయలు చెట్టు మీదనే పండినయి పిల్లా, గోంగూర కాయలు కాసింది, ఇంక దాచుడు ఎందుకు అన్నది. రూప ఒక్కపారి అత్త దిక్కు సూసింది. ఇగ ఆగలె.

డబ్బి మీద పథ్యం గిథ్యం ఏం రాసిలేదట. అదే వచ్చింది తంటా. మొదటిరోజే కౌసల్య గోళీ చేతుల పెట్టుకోని, దీనికి పథ్యమేంది అని అడిగింది. ఏం లేదు అత్తమ్మా అంటే, పథ్యం లేనిది ఏం పనిచేస్తదే, పైసలు దండుగ అని గోళీ పక్కన పడేసింది. ఎట్లన్న మింగితే చాలని, వంకాయ ముట్టద్దట, గోంగూర ముట్టద్దట అని రూప అప్పటికప్పుడు అల్లి చెప్పింది. కౌసల్యకు నమ్మకం కుదిరి రోజు మింగింది, రోజు రోజు మంచిగైంది. మంచిగైతాంది కద, ఇగ ఇదే నమ్మకం మీద కల్లు గూడ మాన్పిస్తే అత్తమ్మ ఆరోగ్యం ఇంక బాగుంటదని మంగళారం నాడు పథ్యంల కల్లును గూడ కలిపింది. వాడకట్టు ఆడోళ్లకు తెలిస్తే అది పథ్యమే గాదని చెడగొడ్తరని, ఎవ్వలకు చెప్పకన్నది. బేస్తారం అత్త పడిపోయింది. కల్లుకు దీనికి ఏం సంబంధమో రూపకు తెల్వదు. తను అల్లిన అబద్ధానికి దేవుడు అత్తమ్మను శిక్షించిండనే అనుకున్నది.

"నా నోటితోని ఎట్ల చెప్పాలె మేడమ్," అన్నది. "నన్ను నమ్మి మింగింది."

ఎప్పుడొచ్చిండో, విజేందర్ తలుపు కాడ నిలవడి అంత విన్నడు. టోపీ తీసి చంకల పెట్టుకున్నడు. ల్యాబు నుంచి ఫోన్ వచ్చిందని, గోళీలల్ల మునగాకు పొడి, పసుపు, జర్ర విటమిన్లు తప్ప ఏం లేవని తనే చెప్పిండు. అయినా పోలీసు బుద్ధి పోతదా, మన జిల్లాల సగం మంది గదే కల్లు తాగుతున్నరు, ఈమెకే ఎందుకు గిట్లైతదని మరదలిని నిలదీసిండు. తాగుతున్నరు బావా, ఒక్కపారి ఆపుతలేరు అన్నది సుచరిత. ఆయన ఎనకనే లోపటికొచ్చిన డాక్టరమ్మ అవునన్నట్టు తలూపింది. ఇట్ల ఆపద్దు, అట్లని మళ్ల తాగద్దు, మేము గోళీలిచ్చి మెల్లమెల్లగ తగ్గిస్తం అన్నది.

ఎస్సైకి ఇంకో సందేహం మిగిలింది. మునగాకు పొడి తోని మనసు రోగం ఎట్ల తగ్గింది మరి? నవ్వింది నిజమే కద? ఒంట్ల ఏదన్న విటమిన్ తక్కువై మనసు కుంగితే, ఆ విటమిన్ ఇస్తే కొందరికి పనిచేస్తదని, ఈమెకు అట్లనో కాదో రక్తం చూడందే చెప్పలేనని, డబ్బిల ఏముందో తెల్వకుంట మింగుడైతే ఎవరికి మంచిది కాదని డాక్టరమ్మ అన్నది. ఇదీ రోగమే, దీనికి వైద్యం ఉన్నది, నవ్వేటోళ్లను నవ్వనియ్యండ్రి అని గూడ అన్నది.

అప్పుడు కౌసల్య అందుకున్నది.

"గోళీల ఏమున్నదో నాకు తెల్వది సారూ. మింగంగ మింగంగ మునగాకు వాసనే వచ్చేది." ఆమె రూప తలకాయ మీద చెయ్యి వేసింది. "పొద్దుగాల గోళీ పేరు చెప్పి ఈ పోరి వచ్చి నా పక్కన కూసునేది. తల దువ్వేది. ఏవో పిచ్చి ముచ్చట్లు చెప్పేది. మింగనంటే రాదేమోనని మింగిన."

రూప అత్త ఒళ్లె తలకాయ పెట్టుకోని బోరుమన్నది. పిచ్చిదానా, ఊకో, నేను సచ్చిన్నా ఏంది అని కౌసల్య ఆమె వీపు నిమిరింది. విజేందర్ గోడ మీది క్యాలెండరు దిక్కు శ్రద్ధగ సూసిండు. ఆయన ముక్కు ఎగపీల్చుడు సుచరితకు వినవడ్డది. బయట కౌసల్య తమ్ముడున్నడు కద, నేనే పోయి చెప్త, దరఖాస్తు వాపస్ తీసుకుంటడు, ఆ తర్వాత కల్లు దుకాణం సంగతి చూస్త అని గొంతు సవరించుకున్నడు. మరదలిని సూసి, నువ్వు గెలిచినవు పో అన్నట్టు చెయ్యి ఊపిండు. సుచరితకు ఇంత సంబురం ఎన్నడు కాలె.

కౌసల్య కోడలి కండ్లు తుడుచుకుంట అడిగింది, మీ మామ తిన్నడా అని.

"ఏడ తింటుండు అత్తమ్మా," అన్నది రూప. "నువ్వు ఇంటికొచ్చేదాక నీ పథ్యమే తనకు పథ్యమని ఎల్లమ్మకు మొక్కుకున్నడు. నువ్వు పడిపోయిన దినం నుంచి కల్లు గూడ ముడతలేడు."

గా ఇంటోళ్లు బంద్ వెట్టిన్రు అన్నడు బక్కయ్య. ఇంటోళ్లు అన్నడు, కౌసల్యక్క అనలె. సుచరిత ఆ మాట చెవుల వేసుకోని గూడ కౌసల్యనే అనుకున్నది. మీ మామ ఎంత తాగుతడు పిల్లా అని అడిగింది. అత్తకు రెండింతలు అన్నది రూప.

బేస్తారం ఆపిండు. ఇయ్యాల శనివారం. ఒంటరిగ చేను కాడ ఉన్నడు.

రూప ఫోన్ కలిపి స్పీకర్ల పెట్టింది. సానసేపు మోగింది. ఆఖరికి గాలి చప్పుడు, ఆ గాలిల జంగయ్య గొంతు. ఏడున్నవు మామా అంటే, బాయికాడ ఉన్న బిడ్డా అన్నడు. ఆ గొంతు నిండ సంబురమే.

"మీ అత్త వచ్చింది బిడ్డా. చెప్పకుంట వచ్చింది సూడు. బాయి మెట్ల మీద కూసోని కాళ్లు నీళ్లల్ల పెట్టింది. దా అని పిలుస్తాంది."

విజేందర్ అప్పటికే బయట జీపు దిక్కు ఉరుకుతుండు. డాక్టరమ్మ అంబులెన్సును పిలువుండ్రని నర్సుకు కేకేసింది. సుచరిత తన ఫోన్ తీసి, ఊర్ల ఎవరన్న బాయికాడికి ఉరుకాలె, గుర్వమ్మ నంబర్ ఎవరికన్న ఎరికేనా అని అడుగుతాంది. కౌసల్య మాత్రం సూది పైపు చేతికి ఉండంగనే ముందటికి వంగి, కోడలి చేతులకెళ్లి ఫోన్ గుంజుకున్నది.

"ఓ ఎల్లేష్ బాపూ," అన్నది. ఎన్నేండ్ల సంది గదుముతున్న గొంతుతోనే గదిమింది, చెంపల మీద నీళ్లు కారుతున్నయి. "నేను దవాఖానల ఉన్న. మంచం మీద ఉన్న. ఆడున్నది నేను గాదు. నువ్వున్న కాడ్నే కూలవడు, అడుగు తియ్యకు. నామాట ఇంటున్నవా?"

జంగయ్య, ఎప్పుడు పెండ్లాం మాట కాదననోడు, మెల్లగ అడిగిండు.

"గట్లనా? నువ్వు ఆడుంటే మరి, ఈమె నా చెయ్యి పట్టుకోని గుంజుతాందేందే?"